శింగనమల ఎండలో పాత కంప్యూటరు

ఇంటిలో వాల్వు రేడియో నుంచుకొన్నవారికి దాని వెనుకనుండెడి చిల్లుల అట్ట జ్ఞాపకముండును. వాల్వుల వేడి బయటికి పోవుటకే ఆ చిల్లులు. పెట్టెను గోడకానించి పెట్టరాదని పెద్దలు చెప్పెడి మాటకు కారణమదియే. నేడు పది పదునైదేండ్ల వయస్సు గల ఇంటి కంప్యూటరుకును ఆ మాట చెల్లును. కాని దీనిలో వేడి పుట్టెడి తావు మిక్కిలి చిన్నది. 2004లో ఇంటెల్ సంస్థ వెలువరించిన పెంటియం 4 ప్రాసెసర్లలో కొన్ని, బొటనవ్రేలి గోరంత సిలికాను ముక్కనుండి 100 వాట్లకు మించిన వేడిని పుట్టించెడివి. తరువాతి రకములు కొంత నెమ్మదించినను, గాలి ఆడనిచో ఏదియు నిలువదు.

ఆ వేడి పోవు మార్గమును ముందుగా చూతము. ప్రాసెసరుపైన అల్యూమినియపు రెక్కల దిమ్మ యొకటి యుండును. రెంటి నడుమ సన్నని లేపనము, దిమ్మపైన చిన్న పంకా. పెట్టె ముందుభాగమున దూరిన గాలి ఆ రెక్కల సందులలో వేడిని గ్రహించి వెనుకనుండి వెడలిపోవును. ఈ యేర్పాటు చల్లదనమును పుట్టింపజాలదు. వేడిని గదిలోని గాలికి అప్పగించును, అంతియే. ఒక లెక్క చెప్పుదుము. శుభ్రముగా నున్న యంత్రములో ప్రాసెసరు గది గాలికన్న 40 డిగ్రీలు అధికముగా కాగుచున్నదనుకొందము. 27 డిగ్రీల గదిలో అది 67. వైశాఖమాసపు మధ్యాహ్నము శింగనమలలో రేకుల కప్పు క్రింద గది 42 డిగ్రీలైనచో అది 82. రెక్కల నడుమ దుమ్ము పేరుకొని ఆ 40 కాస్త 60 అయినచో 102! చాల ప్రాసెసర్లకు హద్దు సుమారు 100 డిగ్రీలు, కొన్నింటికి ఇంకను తక్కువ. ఆ హద్దు చేరగానే యంత్రము తనంతట తాను వేగము తగ్గించుకొనును; అప్పటికిని వేడి తగ్గకున్న ఆరిపోవును.

ఇంటివారు దీనిని చూచి యంత్రము ముసలిదైనదనియో, వైరసు పట్టినదనియో తలంతురు. పిల్లల చదువులు, పరీక్షాఫలితములు, 2015లో వచ్చిన మీభూమిలో అడంగలు నకలు, అన్నియు ఆ యొక్క పెట్టెమీదనే నడచుచున్న ఇంట, వేరుశనగ చేతికి రాని యేట కొత్తది కొనుట సులభమా? ఎండాకాలములో ఆరిపోయెడి పాత యంత్రములలో చాలవాటికి కావలసినది కొత్త యంత్రము కాదు, ఒక మెత్తని కుంచె యని మా అభిప్రాయము.

ఉమ్మడి అనంతపురము జిల్లాకు సంవత్సరపు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నేల తడిసి యుండెడి దినములు కొద్ది. ఆషాఢపు గాలికి ఎఱ్ఱమట్టి లేచును. కార్తీకమున వేరుశనగ కాయలు విడదీయు దినములలో ఆకుపొడి దానికి తోడగును. ఇవి రెండును కలిసి రెక్కలపై దూదిపరుపువలె అమరును. కనుక ఇచట ఏడాదికి రెండుసార్లు దులుపుట మంచిది: కళ్ళములు ముగిసిన పిమ్మట ఒకసారి, ఆషాఢపు గాలి తగ్గిన పిమ్మట ఒకసారి.

దులుపునపుడు ప్లగ్గు లాగి, స్విచ్చు నొకసారి నొక్కి, పెట్టెను వసారాలోనికి తేవలెను. లోహపు చట్రమును తాకిన పిమ్మటనే లోపల చేయి పెట్టవలెను; మన పొడిగాలిలో దేహమున చేరెడి స్థిరవిద్యుత్తు చిప్పులకు హాని చేయును. పంకాను వ్రేలితో నిలిపి కుంచెతో దుమ్ము రాల్చవలెను. తడిగుడ్డ వలదు. విద్యుత్తు నందించు పవర్ సప్లై డబ్బాను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండగలదు.

ఏండ్లు గడచిన లేపనము ఎండి సుద్దవలె పొడియగును. దానిని మార్చునపుడు తొందర పనికిరాదు. యంత్రమును పది నిముషములు నడిపి, ఆర్పి, ప్లగ్గు లాగి, వెచ్చదనముండగానే దిమ్మను మెల్లగా ఇటునటు త్రిప్పి తీయవలెను. నేరుగా పైకి లాగినచో పాత రకములలో కొన్నింట ప్రాసెసరు కూడ ఊడివచ్చి దాని సూదులు వంగును. పాతది తుడిచివేసి కొత్తది కందిగింజంత పెట్టిన చాలును. పంకా గరగరలాడినచో దాని ఇరుసులో కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయవచ్చును. కొందరు కొబ్బరినూనె వేయుదురు. అది కొన్నాళ్ళకు జిగురై దుమ్మును పట్టును.

ప్రక్కరేకు తీసి టేబుల్ పంకా పెట్టుట ఒక పూటకు ఉపాయమే. నెలల తరబడి అట్లుంచినచో దుమ్మును పిలిచి పీట వేసినట్లగును. కూలరు మన పొడిగాలిలో చక్కగా పనిచేయును. గదిలో దిగిన ప్రతి డిగ్రీయు ప్రాసెసరులోను దిగును. అయినను దాని ముఖమును యంత్రము వైపునకు త్రిప్పరాదు. తుంపర పడినచో బోరునీటి ఉప్పు బోర్డుపై తెల్లగా మిగులును.

పెట్టెకును గోడకును నడుమ జానెడు ఎడముంచి, పని జరుగుచుండగా వెనుక అరచేయి పెట్టి చూడవలెను. వెచ్చని గాలి ధారగా తగిలినచో మార్గము తెరచియున్నట్లే. పెట్టె కాలుచు గాలి మాత్రము తగులకున్నచో ఆ దినమే ప్లగ్గు లాగి మూత విప్పవలెను.