తిండి లోపంతో తప్పిన మతి

పెల్లాగ్రా సోకినవారికి ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, గరుకెక్కి, పొట్టు లేస్తుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. నిద్ర పట్టదు. చీటికిమాటికి చిరాకు, దిగులు, కారణం లేని భయం. ముదిరితే మతిస్థిమితం తప్పుతుంది, చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. ఇంతటికీ మూలం నయాసిన్ అనే బి3 విటమిన్ కొరత.

శరీర బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతం దానికే పోతుంది. కణాలు ఆహారం నుంచి శక్తిని రాబట్టుకోవాలంటే నయాసిన్‌తో తయారయ్యే ఎన్‌ఏడీ అనే పదార్థం ఉండి తీరాలి. మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ నుంచి కూడా శరీరం కొంత నయాసిన్ చేసుకుంటుంది. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు దక్కేది దాదాపు ఒక మిల్లీగ్రామే. మెదడులో సెరటోనిన్ తయారీకీ ఆ ట్రిప్టోఫానే ముడిసరుకు. పప్పు, పాలు, గుడ్డు, మాంసం కరువైన పూటల్లో ఈ రెండు దారులూ సన్నగిల్లుతాయి.

మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నా, చాలావరకు ఒంటికి పట్టని రూపంలో బంధించి ఉంటుంది. మెక్సికో ప్రజలు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి దాన్ని విడిపించేవారు. యూరప్‌వారు గింజను తెచ్చుకున్నారు కానీ ఆ పద్ధతిని తెచ్చుకోలేదు. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ మొక్కజొన్న మీదే బతికే పేద రైతుల్లో ఈ జబ్బును గుర్తించాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1914లో దీని మీద పరిశోధన చేపట్టిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌కు పిచ్చాసుపత్రుల్లో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది: రోగులకు వస్తున్న జబ్బు, వారితోనే మసలే సిబ్బందికి రావడం లేదు. అంటే అది అంటువ్యాధి కాదు, తేడా కంచంలోనే ఉంది. మరీ బాధాకరమైన విషయం, అక్కడి రోగుల్లో కొందరికి మతి చెడింది పెల్లాగ్రా వల్లనే. 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ నికోటినిక్ ఆమ్లంతో, అంటే నయాసిన్‌తో, కుక్కల్లో ఇలాంటి జబ్బును నయం చేశాక మనుషులకూ మందు దొరికింది. మతి చలించినవారిలో చాలామంది రోజుల్లోనే తేరుకున్నారు.

దక్కన్‌లో ఈ జబ్బు జొన్న తినే పేదల్లో కనిపించింది. నేడు జాతీయ పోషకాహార సంస్థగా పిలిచే పరిశోధనశాల హైదరాబాద్‌కు వచ్చాక, అక్కడి శాస్త్రవేత్తలు సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో ఒక వివరణ ఇచ్చారు: జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం నయాసిన్ వినియోగానికి అడ్డుపడుతోందని. దీనిమీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం కుదరలేదు. అయితే నేరం జొన్న మీద మోపడం అన్యాయం. పప్పు, పెరుగు, ఆకుకూరలతో కలిపి తిన్నవారికి జొన్న మంచి ఆహారమే. రొట్టెలోకి కారం తప్ప మరేమీ దొరకని ఇళ్లలోనే జబ్బు కాపురం పెట్టింది.

ఇప్పుడు పెల్లాగ్రా అరుదు. తిండి మానేసి మద్యానికి బానిసైనవారిలో, క్షయకు ఐసోనియాజిడ్ వాడేవారిలో కొందరికి ఇంకా వస్తుంది. చర్మం మీద మచ్చలు లేకుండా గందరగోళం ఒక్కటే కనిపిస్తే దాన్ని మానసిక వ్యాధిగానో, మత్తు ప్రభావంగానో పొరబడే ప్రమాదం ఉంది. సకాలంలో గుర్తిస్తే చికిత్స చవకైనది: నయాసిన్‌కే మరో రూపమైన నికోటినమైడ్ మాత్రలు, వాటితోపాటు కడుపునిండా మాంసకృత్తులున్న భోజనం.