వారం జీతంతో కొన్న వేగం

డెట్రాయిట్ నది ఒడ్డున మొదలై ఉత్తరాన పాంటియాక్ ఊరి దాకా 20 మైళ్లకు పైగా సాగే రోడ్డు పేరు వుడ్‌వర్డ్ అవెన్యూ. హెన్రీ ఫోర్డు 1913లో కదిలే అసెంబ్లీ లైను నడిపిన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ దీని పక్కనే ఉంది. 1960ల్లో శుక్ర, శనివారాలు చీకటి పడితే చాలు, ఈ రోడ్డు కుర్రకారుదే. డ్రైవ్-ఇన్ హోటళ్ల ముందు కార్లు ఆపుకుని హాంబర్గర్లు తింటూ పందేలు కాసేవాళ్లు. ఎర్ర లైటు దగ్గర రెండు కార్లు పక్కపక్కన ఆగేవి. డ్రైవర్లు ఒకరినొకరు ఓ చూపు చూసుకునేవాళ్లు. పచ్చ లైటు పడీ పడగానే టైర్లు కాలిన వాసన, పొగ, ఆ వెనకే పోలీసు సైరను. కార్ల కంపెనీల ఇంజనీర్లు కూడా తాము కొత్తగా సిద్ధం చేస్తున్న ఇంజన్ల సత్తా చూసుకోవడానికి రాత్రిపూట ఇక్కడికే వచ్చేవాళ్లు.

ఆ కార్లకే మజిల్ కార్లని పేరు. వాటి కాలం నేను పుట్టకముందే అయిపోయింది. అయినా వాటి గురించి రాసే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. డెట్రాయిట్ శివారులో సైలెన్సర్లు తయారుచేసే కంపెనీలో నేను చప్పుడు చూసే ఇంజనీర్ని. కారు ఎంత మోగాలి, ఎలా మోగాలి అన్నదే నా పని. ఆపైన, విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల షెడ్డు నడిపిన మెకానిక్కు కూతుర్ని.

కథ 1964 మోడల్ పాంటియాక్ జీటీఓతో మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. జనరల్ మోటార్స్‌లో అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. మధ్యతరహా కార్లలో 330 ఘనపుటంగుళాలు మించిన ఇంజను పెట్టకూడదు. పాంటియాక్ విభాగం చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన దగ్గర పనిచేసే బిల్ కాలిన్స్, రస్ గీ ఇందులో ఒక సందు కనిపెట్టారు. టెంపెస్ట్ అనే మామూలు కారులో ఉన్న 326 అంగుళాల ఇంజనూ, పెద్ద కార్లకు వాడే 389 అంగుళాల ఇంజనూ బయటి కొలతల్లో ఒకటే. చిన్నది తీసి ఆ చోట పెద్దది కూర్చోబెట్టవచ్చు. కొత్త మోడల్ అని ప్రకటిస్తే పైవాళ్లు ఆపుతారు కాబట్టి, ఉన్న మోడల్‌కే అదనపు సామాను కింద అమ్మారు. ఆ ప్యాకేజీ ధర 295 డాలర్లు. కారంతా కలిపినా మూడు వేల డాలర్ల లోపే దొరికేది. 5,000 అమ్ముడైతే చాలనుకుంటే మొదటి ఏడాదే 32,450 పోయాయి.

389 ఘనపుటంగుళాలంటే 6.4 లీటర్లు. మన అంబాసిడర్ ఇంజను 1.5 లీటర్లు, శక్తి 50 హార్స్ పవర్ చుట్టుపక్కల. జీటీఓ శక్తి 325.

ఆ తర్వాత అందరూ దిగారు. 1964 ఏప్రిల్‌లోనే ఫోర్డు ముస్తాంగ్ 2,368 డాలర్లకు వచ్చింది. మొదట్లో అది చిన్న సొగసు కారే, పెద్ద ఇంజన్లు తర్వాత ఎక్కాయి. షెవర్లే వాళ్లు కమారో తెచ్చారు. ప్లిమత్ వాళ్ల ఆలోచన నాకు మరీ ఇష్టం. సోకులన్నీ తీసేసి, నేల మీద కార్పెట్ కూడా లేకుండా, ఇంజనూ గేరుబాక్సూ మాత్రం గట్టివి పెట్టి 1968లో రోడ్ రన్నర్ అమ్మారు. కార్టూన్ బొమ్మలో పరిగెత్తే పక్షి పేరు వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కు 50,000 డాలర్లు ఇచ్చారు. హారన్ కూడా ఆ పక్షి కూతలాగే పెట్టారు. 1970 వచ్చేసరికి షెవర్లే వాళ్ల షెవెల్ కారులో 454 అంగుళాల ఇంజను 450 హార్స్ పవర్‌కు చేరింది. అంతకుముందు ఇలాంటి వేగం ఉన్నవాళ్ల సొత్తు. ఫెరారీలు, జాగ్వార్‌లు కొనగలిగినవాళ్లు ఎందరు? ఈ కార్లతో, లైనులో బోల్టులు బిగించే 20 ఏళ్ల కుర్రాడు వారం వారం జీతంలోంచి వాయిదాలు కట్టుకుంటూ, దేశంలోకెల్లా వేగంగా పోయే కార్లలో ఒకదాన్ని తన ఇంటి ముందు నిలబెట్టుకున్నాడు. ఇవాళ జనం తలుచుకుని బెంగపడేది దీని గురించేనని నా నమ్మకం. వేగం మాటకొస్తే, ఇప్పటి కుటుంబాల కార్లే చాలా వాటిని సులువుగా దాటేస్తాయి.

చప్పుడు సంగతి మాత్రం కొంచెం ఓపికగా చెప్పాలి. అది నాకు అన్నం పెట్టే విద్య.

వి-ఎయిట్ ఇంజనులో ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరసల్లో ఉంటాయి. క్రాంక్ షాఫ్టు 90 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండరులో మంట పడుతుంది. మొత్తంగా లెక్కేస్తే తాళం ఎక్కడా తప్పదు. ఒక్కో వరసనూ విడిగా వింటే వేరు. జీటీఓ ఇంజనులో మంట పడే క్రమం 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలవి ఎడమ వరస, సరి అంకెలవి కుడి వరస. ఎడమ, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి. అంటే ఒకే వైపు ఒకసారి వెంటవెంటనే రెండు దెబ్బలు, మరోసారి చాలా ఎడం. ఈ కార్లలో ఒక్కో వరసకు విడిగా గొట్టం, విడిగా సైలెన్సరు. రెండు గొట్టాల్లోంచీ ఎగుడుదిగుడుగా వచ్చే ఆ దెబ్బలు కలిసి గుడగుడమనే ముతక చప్పుడవుతాయి. దూరం నుంచి వింటే జాతరలో డప్పులు మలుపు తిరిగి వస్తున్నట్టుంటుంది.

దీనికి క్యామ్ షాఫ్టు తోడు. ఇంజను మంచి వేగంలో ఉన్నప్పుడు గాలి బాగా పీల్చాలంటే, లోపలికి తీసుకునే వాల్వూ బయటికి వదిలే వాల్వూ కొద్దిసేపు రెండూ తెరిచి ఉండేలా క్యామ్ చెక్కుతారు. బండి నిలబడి ఉన్నప్పుడు దానివల్లే చిక్కు. కాలిన పొగ కొంత మళ్లీ లోపలికి వస్తుంది. ఒక మంట బలంగా, ఒక మంట నీరసంగా పడుతుంది. అందుకే సిగ్నలు దగ్గర ఆ కార్లు నిలబడ్డ చోటే ఊగుతుంటాయి. యాక్సిలరేటర్ తొక్కగానే ఆ ఊగుడు పోయి గొంతు ఒక్కటవుతుంది. ఆ చప్పుడు ఎప్పుడు విన్నా నేను చేస్తున్న పని ఆపేస్తాను.

మా వీధిలో ఒకాయన ఉన్నారు. కార్ల డోర్లూ బానెట్లూ అచ్చుగుద్దే డైలు చేసి రిటైరయ్యారు. 1966లో ఆయన ఎర్ర జీటీఓ కొన్నారు. ఆ ఏడాది జీటీఓలు దాదాపు 97 వేలు అమ్ముడయ్యాయి. మూడు కార్బురేటర్లు వరసగా బిగించినది ఆయనది. మామూలుగా పోతుంటే మధ్యది ఒక్కటే పనిచేస్తుంది, గట్టిగా తొక్కితే అటూ ఇటూ ఉన్న రెండూ నోరు తెరుస్తాయి. రెండేళ్లు తిరగకుండానే సైన్యంలో చేరమని ప్రభుత్వం కాగితం వచ్చింది. వియత్నాం వెళ్లే ముందు కారు అమ్మి డబ్బు వాళ్లమ్మ చేతిలో పెట్టారు. ఆ తరంలో ఇలా అమ్ముకుని వెళ్లిన వాళ్లు ఎందరో. ఆయన క్షేమంగా తిరిగొచ్చారు. కారు చేతులు మారి మారి జాడ తెలియకుండా పోయింది. రిటైరయ్యాక అదే ఏడాది, అదే రంగు, అవే మూడు కార్బురేటర్లు ఉన్న ఇంకో కారు వెతికి కొన్నారు.

నాన్న మా దగ్గరికి వచ్చిన వేసవిలో, ఆ కారు చప్పుడు విని చెప్పులేసుకుని వీధిలోకి నడిచారు. నాన్నకు ఇంగ్లిష్ రాదు. పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి అడిగి తీసుకుని, మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఒక్కో సిలిండరూ విన్నారు. “అమ్మాయ్, ఆ వైపు వెనక నుంచి రెండోది ట్యాపెట్టు కొడుతోందని ఆయనకు చెప్పు” అన్నారు. చెప్పాను. పొరుగాయన మాట్లాడకుండా లోపలికి వెళ్లి స్పానర్ల పెట్టె తెచ్చి నాన్న ముందు పెట్టారు. కవరు విప్పితే రాకర్ నట్టు వదులైపోయి ఉంది. అది బిగించాక కూడా ఇద్దరూ సాయంత్రం దాకా కదల్లేదు. కార్బురేటర్లు విప్పారు, పెట్టారు. నన్ను తర్జుమాకు పిలవడం కూడా మానేశారు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ నాన్న అన్నారు: “దాపరికం లేని ఇంజనమ్మా. చెయ్యి దూరే చోటుంది. ఏది ఎక్కడుందో కంటికి కనబడుతోంది. ఇట్టాంటిదైతే మా షెడ్డులో కుర్రాళ్లు నెలలో నేర్చుకుంటారు.”

నేను రోజూ పనిచేసే కార్ల బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనబడుతుంది. కొన్నవాడు తన కారును తానే బాగుచేసుకోగలగడం ఎంత పెద్ద ఆస్తో ఆటోనగర్‌లో పెరిగిన నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ కాలం ఎందుకు ముగిసిందంటే, ముగియవలసిన కారణాలే ఎక్కువ. 1970లో గాలి కాలుష్యం చట్టం గట్టిపడింది. సీసం తగ్గించిన పెట్రోలుకు సరిపడేలా జనరల్ మోటార్స్ 1971 మోడళ్లలో కంప్రెషన్ తగ్గించింది. అంతవరకూ సైలెన్సరు, ఫిల్టరు ఏవీ లేకుండా ఇంజనును బల్ల మీద పెట్టి కొలిచిన అంకెలు వేసేవాళ్లు. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్నీ బిగించి కొలవడం మొదలయ్యేసరికి అంకెలు మరీ పడిపోయాయి. కుర్రవాళ్లు ఈ కార్లు కొంటే ఇన్సూరెన్సు కంపెనీలు ప్రీమియం మోత మోగించాయి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. బంకుల ముందు క్యూలు పెరిగాయి. ఆ మరుసటి జనవరిలో దేశమంతా గంటకు 55 మైళ్ల హద్దు పెట్టే చట్టం వచ్చింది.

ఈ కార్లు ప్రాణాలు తీశాయన్నదీ రాయాలి. 400 హార్స్ పవర్ ఇంజనుకు చాలా వాటిలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. టైర్లు సన్నం. మొదట్లో బెల్టు నడుముకు మాత్రమే, అదీ పెట్టుకునేవాళ్లు తక్కువ. అన్ని రకాల వాహనాలూ కలిపి 1972లో అమెరికా రోడ్ల మీద 54 వేల మందికి పైగా చనిపోయారు. వుడ్‌వర్డ్ మీద ఒక కూడలి దగ్గరికి రాగానే మా పొరుగాయన ప్రతిసారీ తన హైస్కూలు స్నేహితుణ్ని తలుచుకుంటారు. ఆ కుర్రాడికి 19 ఏళ్లు. సీసం కలిపిన పెట్రోలు పొగ పిల్లల మెదళ్లకు చేసిన హాని మరొక లెక్క. చట్టాలు తెచ్చినవాళ్లను ఈ కార్ల అభిమానులు తిడుతుంటే నేను ఒప్పుకోను.

చేసినవాళ్ల గురించి జ్ఞాపకాల్లో తక్కువ వినబడుతుంది. డెట్రాయిట్‌ను ఆనుకున్న హామ్‌ట్రామ్క్‌లో డాడ్జ్ మెయిన్ అనే ఫ్యాక్టరీ ఉండేది. 1970 మోడల్ ఛాలెంజర్, బారకూడా కార్లు అక్కడ తయారయ్యాయి. 1968లో అదే ఫ్యాక్టరీలో నల్లజాతి కార్మికులు లైను వేగం పెంచడం మీద, వివక్ష మీద తిరగబడి డ్రమ్ అనే సంఘం పెట్టుకున్నారు. ఇవాళ వేలంలో మెరిసే కార్లకు తలుపులు బిగించినవాళ్లు వీళ్లూ, పోలండ్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లూ. 1980లో డాడ్జ్ మెయిన్ మూతపడింది. ఆ స్థలంలోనూ, పక్కనున్న పోల్‌టౌన్ ఇళ్లు కూలగొట్టిన చోటా జనరల్ మోటార్స్ కొత్త ఫ్యాక్టరీ కట్టింది. ఇప్పుడు అక్కడ ఎలక్ట్రిక్ ట్రక్కులు తయారవుతున్నాయి.

వేలాల మాటకొస్తే, 1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో నడిపిన ముదురాకుపచ్చ ముస్తాంగ్‌ను 1974లో ఒక కుటుంబం 6,000 డాలర్లకు కొంది. ఆ ఇంటి ఇల్లాలు టీచరు. కొన్నేళ్లు బడికి అందులోనే వెళ్లొచ్చారు. తనకు తిరిగి ఇమ్మని మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసినా వాళ్లు ఇవ్వలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో అది 34 లక్షల డాలర్లు పలికింది. హెమీ ఇంజను ఉన్న 1971 బారకూడా ఓపెన్ టాప్ కారు ఒకటి 2014లోనే 35 లక్షల డాలర్లు పలికింది. వారం జీతంతో కొనుక్కోవడానికి పుట్టిన బండి ఏసీ గదిలో పెట్టుబడిగా పడుండటం నాకు కష్టంగా ఉంటుంది. టీచరమ్మ బడికి తీసుకెళ్లినంతకాలమే ఆ ముస్తాంగ్‌కు గౌరవం దక్కిందని నేను అనుకుంటాను.

ప్లిమత్ 2001లో, పాంటియాక్ 2010లో ఆగిపోయాయి. కమారో, ఛాలెంజర్ 2023 డిసెంబరులో లైను దిగడం మానేశాయి. ముస్తాంగ్ ఒక్కటి డెట్రాయిట్‌కు దక్షిణాన ఫ్లాట్ రాక్‌లో ఇంకా వి-ఎయిట్‌తో తయారవుతోంది. డాడ్జ్ వాళ్ల ఛార్జర్ అనే కొత్త ఎలక్ట్రిక్ కారులో పాత చప్పుడు పోలిన శబ్దాన్ని స్పీకర్లతో పుట్టిస్తున్నారు. తోటి ఇంజనీర్ల కష్టం నాకు తెలుసు, మెచ్చుకుంటాను. మంట లోపలినుంచి వచ్చే చప్పుడుకు మాత్రం అది సాటి రాదు.

డెట్రాయిట్ శివార్లలో నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్‌లలో వేలమంది తెలుగువాళ్లం ఈ కార్ల పరిశ్రమ మీదే బతుకుతున్నాం. ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానం కోసం చందాలు పోగుచేద్దామని 1995లో మొదలైన వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల పండుగ ఏటా ఆగస్టు మూడో శనివారం జరుగుతుంది. టికెట్టు లేదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి. కూర్చోవడానికి కుర్చీలు, తాగడానికి నీళ్లు పెట్టుకోండి. బానెట్ ఎత్తి ఉన్న కారు దగ్గర ఆగి, ఇది మీకెలా దొరికిందని యజమానిని అడగండి. వాళ్లలో చాలామందికి ఇప్పుడు 75 దాటాయి. శనివారం రద్దీ పడనివాళ్లు శుక్రవారం సాయంత్రమే వెళ్లవచ్చు, కార్లు ఆ వారమంతా తిరుగుతూనే ఉంటాయి.