మిర్చి రకానికి పదేళ్లు, పురుగుకు ఒక్క సీజన్

మా ఊళ్లో మిర్చి రైతుల కబుర్లు బయటివాళ్లు వింటే లెక్కల క్లాసు అనుకుంటారు. ‘ఈసారి 341 వేశా.’ ‘334కి ఈ రేటేంట్రా?’ ‘తేజ మంచిదే గానీ కాయ సన్నం, కోత కూలి ఎవడిస్తాడు?’ ఇలా సాగుతుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. మా ఆఫీసులోనూ ఇలాంటి నంబర్లే, వాటిని మేం వెర్షన్లు అంటాం. కొత్త వెర్షన్ తేడా కొడితే రాత్రికి రాత్రే పాతది పెట్టేస్తాం. మా నాన్నకి ఆ సౌకర్యం లేదు. ఆగస్టులో నాటిన మొక్క సంగతి జనవరిలో కాయ ఎర్రబడ్డాక గానీ పూర్తిగా తెలియదు. అప్పటికి కౌలు, మందులు, ఎరువులు, కూలీలు అన్నీ చెల్లించేసి ఉంటాం.

ఆ నంబర్లలో చాలావాటి పుట్టిల్లు గుంటూరు పక్కనే ఉంది. అమరావతి రోడ్డులో వెళ్తుంటే వచ్చే లాం ఫారం. లాంలో తయారైన పాత రకాలకు జీ1, జీ2 అంటూ గుంటూరు పేరులోని మొదటి అక్షరం పెట్టారు. జీ4కి భాగ్యలక్ష్మి అని, జీ5కి ఆంధ్రజ్యోతి అని పేర్లు కూడా ఉన్నాయి. మా తాతల కాలంలో భాగ్యలక్ష్మి వెయ్యని ఊరు లేదంటారు. తమాషా ఏమిటంటే ఆ భాగ్యలక్ష్మి మూలం శ్రీలంక నుంచి వచ్చిన మిరప. అక్కడి నుంచి తెచ్చిన విత్తనంలో మన నేలకి నప్పిన మొక్కల్ని ఏరి, ఏటేటా వడకట్టి రకంగా నిలబెట్టారు. తర్వాతవి ఎల్‌సీఏ నంబర్లు. ఎల్‌సీఏ 206 ప్రకాశ్, ఎల్‌సీఏ 235 భాస్కర్. ఎల్‌సీఏ 334కి వేరే ముద్దుపేరు అక్కర్లేకపోయింది, ఆ నంబరే ఊరూరా పాకింది. ఇప్పుడు మిరప పరిశోధన డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది.

ఒక రకం ఎలా పుడుతుందో చెబితే దాని విలువ అర్థమవుతుంది. మిరప పువ్వు తెల్లారేసరికి విచ్చుకుంటుంది. అందుకని ముందురోజు సాయంత్రమే, మొగ్గ విప్పకముందే, చిన్న పటకారుతో లోపలి పుప్పొడి తిత్తుల్ని తీసేస్తారు. మొగ్గ సైజు కందిగింజంత. పొద్దున్నే మరో మొక్క పుప్పొడి తెచ్చి అద్దుతారు. ఆ కాయలోని గింజల్ని మరుసటి ఏడాది నాటితే మొక్కలన్నీ ఒక్కలా ఉంటాయి. చూడముచ్చటగా ఉంటుంది గానీ అసలు కథ రెండో తరంలో మొదలవుతుంది. పొట్టివి, పొడుగువి, ముడత వచ్చినవి, రానివి, కాయ తొడిమతో ఊడొచ్చేవి, తొడిమ మొక్కకే ఉండిపోయేవి, అన్నీ ఒకే మడిలో బయటపడతాయి. వందల మొక్కల్లోంచి పదో పరకో ఎంచుకుంటారు. వాటి పిల్లల్లోంచి మళ్లీ కొన్ని. ఆరేడు తరాలకి గానీ గుణం స్థిరపడదు. మన దగ్గర మిర్చికి ఏడాదికి ఒక్కటే సీజన్, కాబట్టి అవి ఆరేడు ఏళ్లు. ఆ తర్వాత రకరకాల నేలల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో చిరు సంచుల పంపిణీ. మొత్తం పదేళ్ల మాట.

పురుగు పదేళ్లు ఆగదు. 2021 సీజన్ మా వైపు ఎవరూ మర్చిపోలేరు. నల్ల తామర పురుగు. శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిందంటారు, మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. ఆరేళ్లు గడిచాక గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఇటు తెలంగాణలో ఖమ్మం, వరంగల్ మిర్చి మీద పడింది. మామూలు తామర పురుగు ఆకు మీద ఉంటుంది. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటుంది కాబట్టి మనవాళ్లు పైముడత అంటారు. (కిందికి ముడిస్తే నల్లి పని, అది కింది ముడత. మా ఊళ్లో పదేళ్ల పిల్లాడిక్కూడా ఈ తేడా తెలుసు.) ఈ నల్లది అలా కాదు. నేరుగా పువ్వులో దూరి కూర్చుంది. పువ్వు లోపలికి మందు ఎలా పోతుంది? పూత పూతంతా రాలిపోయింది. నాన్న ఫోన్‌లో, ‘చేను పచ్చగానే ఉందిరా, కాయే లేదు’ అన్నాడు. ఆ ఏడు ఎందరో తోటలు దున్నేశారు. మేం దున్నలేదు. చివరి పూతలో నిలిచిన కాయ కోశాం, అది కోత కూలికే సరిపోయింది.

దీనికి తోడు బొబ్బర ఎప్పుడూ ఉండేదే. అది జెమినీ వైరస్. తెల్లదోమ ఒక మొక్క నుంచి మరో మొక్కకి మోసుకెళ్తుంది. దీనికి మందు లేదు. దోమని ఆపడం, లేదంటే వైరస్‌ని తట్టుకునే రకం వెయ్యడం, ఈ రెండే దారులు. రెండో దారిలో కొంత పని జరిగింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క తేజస్వి, అర్క యశస్వి లాంటి హైబ్రిడ్లను ఆకుముడత వైరస్‌ని తట్టుకునేవిగా విడుదల చేసింది. నల్ల తామర పురుగు సంగతి ఇంకా కష్టం. తట్టుకునే గుణం ఏ నాటు మిరపలో, ఏ అడవి మిరపలో ఉందో ముందు వెతకాలి. దొరికితే దాన్ని మన సన్నంలోకి తేవాలి. అప్పుడు మళ్లీ ఆ పదేళ్ల లెక్క మొదలు.

ఈ వెతుకులాటలో మనకు బాగా ఎదురయ్యే చుట్టం ఒకరున్నారు. ఫ్రైడ్ రైస్‌లో కనిపించే క్యాప్సికం. మన మిర్చీ అదీ ఒకే జాతి, క్యాప్సికం ఆన్యుయం. ఘాటు పుట్టించే ఒక జన్యువులో కొంత ముక్క ఊడిపోయింది, అంతే, కారం పోయి తియ్యమిరప అయింది. అందుకే ఈ రెండింటి మధ్యా ఇచ్చిపుచ్చుకోవడాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1958లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఒక మిరప మొక్కలో పుప్పొడి పుట్టకపోవడం గమనించాడు. ఆ గుణం తల్లి వైపు నుంచి వస్తుందని తేల్చాడు. ఆ విత్తనం ఎక్కడిదనుకున్నారు? ఇండియా నుంచి వెళ్లిందే. పుప్పొడి లేని తల్లి ఉంటే పటకారు పని తప్పుతుంది, హైబ్రిడ్ విత్తనం చవకగా తయారవుతుంది. ప్రపంచంలో ఇప్పుడు హైబ్రిడ్ మిరప తయారుచేసే చాలామందికి ఆ గుణమే ఆధారం. ఇక ఎదురు కట్నం కూడా వచ్చింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఫ్రాన్స్ క్యాప్సికంలోని మరో వంధ్యత్వ జన్యువును తమ మిరపలోకి ఎక్కించి సీహెచ్-1 అనే హైబ్రిడ్ తీశారు.

సరే, హైబ్రిడ్ అంత మంచిదైతే గొడవేంటి? దిగుబడి ఎక్కువే, కాదనను. కానీ ఆ కాయలోంచి తీసిన గింజ మళ్లీ నాటితే పైన చెప్పానే, రెండో తరం, ఆ కలగాపులగం వస్తుంది. ప్రతి ఏడూ పది గ్రాముల పాకెట్లు కొనాల్సిందే. లాం 334 లాంటి రకమైతే గింజ దాచుకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా దాచుకునే, పంచుకునే హక్కు ఇచ్చింది. బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే. నా మట్టుకు నాకు ప్రభుత్వ పరిశోధనలో అసలు విలువ ఇక్కడే ఉందనిపిస్తుంది. కంపెనీలు రైతు మళ్లీ రావాలనే విత్తనం తీస్తాయి, వాటి వ్యాపారం అది. మళ్లీ రానక్కర్లేని విత్తనం ఎవరు తీస్తారు? లాం లాంటి చోట్లే తియ్యాలి. అక్కడ ఒక ఏడాది పోస్టు ఖాళీగా ఉందంటే పదేళ్ల తర్వాత ఒక రకం ఆలస్యమవుతుందని లెక్క.

పాకెట్ కొన్నా భద్రత లేదు, అది వేరే కథ. ఈమధ్య మడి పోసుకునేవాళ్లు తగ్గి, షేడ్‌నెట్ నర్సరీల్లో నారు కొనడం మామూలైంది. మూడేళ్ల కిందట మేం కొన్న నారులో సగం వేరే రకం తేలింది. ఎప్పుడు తేలింది? కాయ దిగాక. బిల్లు తీసి చూస్తే ‘మిర్చి నారు’ అని మాత్రమే ఉంది, రకం పేరే లేదు. పొడుగు కాయ, పొట్టి కాయ కలిసిన టిక్కీలు చూసి యార్డులో కమీషన్ వ్యాపారి నవ్వాడు. రేటు కూడా నవ్వుకి తగ్గట్టే వేశాడు.

రేటు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించింది. ధర మీద అప్పుడు టీవీల్లో ఎన్ని చర్చలో! విత్తనం మీద ఒక్క చర్చ కూడా నా కంట పడలేదు. తట్టుకునే రకం ఉంటే మందుల ఖర్చు తగ్గుతుంది, అప్పుడు అదే ధరకి రైతు చేతిలో ఇంకాస్త మిగులుతుంది కదా.

ఈ ఏడాది నాన్న రెండెకరాలు హైబ్రిడ్, ఒక ఎకరం లాం రకం అని తేల్చాడు. ఆ ఎకరంలోంచి గింజ తీద్దామని నా ఆశ. చిక్కేంటంటే మిరప తనంతట తాను కట్టుకునేదే అయినా తేనెటీగలు పక్క చేలోంచి పుప్పొడి తెచ్చేస్తాయి. ధ్రువీకరించిన విత్తనం తియ్యాలంటే వేరే రకానికి 200 మీటర్ల దూరం, మూల విత్తనానికైతే 400 మీటర్లు ఉండాలని నిబంధన. మా గట్టుకి అవతలే బాబాయ్ వాళ్ల హైబ్రిడ్ తోట! దూరం కుదరదు కాబట్టి తెర కట్టాలి. ముడత లేని ఇరవై మొక్కలు గుర్తుపెట్టి, పూత మొదలవ్వకముందే పైన దోమతెర కట్టేస్తాం. విప్పిన పూలు అప్పటికే ఉంటే తుంచెయ్యాలి. ఎకరానికి పావు కిలో గింజ చాలు, ఇరవై మొక్కలకి అంతకన్నా ఎక్కువే వస్తుంది. తెర గుడ్డ కొనుక్కొచ్చాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘మంచాలకి లేదు గానీ మిరపచెట్లకి దోమతెరా?’ అంది. రెండు మీటర్లు అడిగి తీసుకుంది కూడా.