"నకరాలు చేయకు బ్రో": కనిపించని నొప్పి గురించి మాట్లాడుకుందాం

ముందే చెప్పేస్తున్నా, ఇవాళ్టి ఎపిసోడ్ టెక్ గురించి కాదు. ఫోన్ రివ్యూ కోసం వచ్చినవాళ్ళు స్కిప్ చేసెయ్యొచ్చు, నేనేం ఫీలవ్వను. ఇవాళ నొప్పి గురించి. నెలలూ ఏళ్ళూ పోకుండా ఉండే నొప్పి, దాని గురించి ఆన్‌లైన్‌లో నోరు తెరిస్తే వచ్చే మాటలు, ఈ రెండూ.

ఆ మాటలు మీకూ తెలుసు. "అందరికీ ఉంటది బ్రో." "జిమ్‌కి పో, సెట్ అయితది." "ఫోన్ పక్కన పెట్టు, నొప్పి అదే పోతది." "పెళ్ళి చేస్కో." ఈ చివరిది మనవాళ్ళు ఏ జబ్బుకైనా రాసిస్తారు, పారాసిటమాల్ లాగా. ఇవన్నీ అయ్యాక అసలు మాట వస్తుంది: "రిపోర్ట్ పెట్టు, చూద్దాం." పెట్టకపోతే నకరాలు. పెట్టాక అందులో నార్మల్ అని ఉంటే ఇంకా పెద్ద నకరాలు.

నా వాదన ఒకటే. నొప్పికి ప్రూఫ్ అడగడమే తప్పు ప్రశ్న. ఇది సెంటిమెంట్‌తో చెప్పట్లేదు, మెడిసిన్ ఇప్పుడు ఆ మాటే అంటోంది. దాని దగ్గరికి వస్తా, ముందు ఒక రూమ్ గురించి చెప్పాలి.

2019లో బీటెక్ అవ్వగానే అందరిలాగే నేనూ అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం వెనక సందులో హాస్టల్, రూమ్‌కి నలుగురం. పొద్దున జావా, సాయంత్రం ఆప్టిట్యూడ్, మధ్యలో మిర్చీ బజ్జీ. ఆ నలుగురిలో ఇద్దరికి నొప్పి. నాకు మెడ, భుజాలు, పోను పోను ఒళ్ళంతా. నా పక్క బెడ్ వాడికి నడుం. (వాడి పర్మిషన్ తీసుకునే చెప్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు.)

వాడు పొద్దున లేవలేకపోయేవాడు. బద్ధకం కాదు, నడుం బిగుసుకుపోయి గోడ పట్టుకుని లేచేవాడు. మామూలు మనిషి కావడానికి గంట పట్టేది. పది దాటాక చూస్తే హాయిగా నడిచేవాడు, సాయంత్రం క్రికెట్ కూడా ఆడేవాడు. ఇంక చూస్కోండి. "పొద్దున క్లాస్‌కి నడుం నొప్పి, సాయంత్రం బౌలింగ్‌కి లేదా?" అని రూమ్‌లో, బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో, అంతటా అదే. ఒక హెల్త్ గ్రూప్‌లో అడిగితే "పోశ్చర్ మార్చు, కుర్చీ మార్చు, సాకులు మానుకో" అన్నారు. మూడేళ్ళు ఇలాగే గడిచింది.

విషయం ఏంటంటే, వాడిని అబద్ధాలకోరు అనడానికి అందరూ చూపించిన సాక్ష్యమే వాడి జబ్బు లక్షణం. నలభై ఏళ్ళలోపు మెల్లగా మొదలై, 3 నెలలు దాటినా పోకుండా, పొద్దున బిగుసుకుపోయి, కదిలితే తగ్గి, పడుకుంటే పెరిగి, తెల్లవారుజామున నిద్ర లేపే నడుం నొప్పి ఉంటే డాక్టర్లు ముందు ఇన్‌ఫ్లమేషన్‌ని అనుమానిస్తారు. మామూలు నడుం నొప్పి దీనికి రివర్స్, రెస్ట్ తీసుకుంటే తగ్గుతుంది. చివరికి పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ ఓపీకి వెళ్తే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు. వెన్నెముక కింద, కటి ఎముకతో కలిసే కీళ్ళ దగ్గర మొదలవుతుంది. వదిలేస్తే కొందరికి ఏళ్ళ మీద వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషన్. ఆ ఒక్క స్టేషన్ దాటడానికి వాడికి మూడేళ్ళు పట్టింది.

ఇప్పుడు నా కేస్. నాకు ఎక్స్‌రే నార్మల్, ఎమ్మారై నార్మల్, బ్లడ్ టెస్టులు నార్మల్. నిద్రపోయినా పోనట్టే, లేస్తే లారీ తొక్కినట్టు. డాక్టర్ చెప్పిన పేరు ఫైబ్రోమయాల్జియా. దీన్ని పట్టించే స్కాన్ లేదు. మనం చెప్పేది విని, మిగతా జబ్బులు కాదని తేల్చుకుని నిర్ధారిస్తారు. అంటే "రిపోర్ట్ పెట్టు" అన్నవాళ్ళకి చూపించడానికి నా దగ్గర ఎప్పటికీ ఏమీ ఉండదు.

ఒకే రూమ్, ఒకే కామెంట్లు. ఒకడికి టెస్ట్‌లో దొరికే జబ్బు, ఇంకొకడికి దొరకనిది. కామెంట్ పెట్టినవాళ్ళకి ఈ తేడా తెలీదు, వాళ్ళు తెలుసుకునే దారీ లేదు.

"స్కాన్‌లో లేనిది నొప్పెలా అవుతుంది?" అంటారు. తిరగేసి చూడండి. 2015లో ఒక రివ్యూ వచ్చింది. నొప్పి అస్సలు లేని 3,110 మంది వెన్నెముక స్కాన్‌లు కలిపి చూశారు. ఇరవై ఏళ్ళ వయసు వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతం. అంతమందికి స్కాన్‌లో తేడా ఉంది, నొప్పి మాత్రం లేదు. మరి స్కాన్ నొప్పికి మీటర్ ఎలా అవుతుంది?

నా పాత ఉద్యోగం భాషలో చెప్తా. ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి తెలుసు, రాత్రి మూడింటికి అలర్ట్ మోగుతుంది. లేచి చూస్తే సర్వర్ బాగానే ఉంటుంది, ఎవరో థ్రెషోల్డ్ మరీ కింద పెట్టారంతే. సర్వర్‌కి ఏమీ కాలేదు కాబట్టి అలర్ట్ మోగలేదు అంటామా? మోగింది, మన నిద్ర పోయింది. బాగుచెయ్యాల్సింది సర్వర్‌ని కాదు, అలర్ట్ సిస్టమ్‌ని. ఒంట్లో కూడా ఇలా జరుగుతుంది. వెన్నుపాము, మెదడు నొప్పి సిగ్నళ్ళకి మరీ సెన్సిటివ్ అయిపోయి చిన్న తాకిడికి కూడా పెద్ద నొప్పి పుట్టిస్తాయి. సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే సైంటిస్ట్ ప్రయోగాల్లో చూపించారు.

ఇందాక మెడిసిన్ అంటోంది అన్నా కదా. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఒకటి ఉంది, 1973లో పెట్టారు. పెట్టించిన జాన్ బొనికా అనస్థీషియా డాక్టర్. మెడిసిన్ ఫీజుల కోసం ముసుగేసుకుని కుస్తీలు పట్టినవాడు, ఆ దెబ్బలతో జీవితాంతం నొప్పులు పడ్డవాడు. (ఆయనకెవరైనా "జిమ్‌కి పో" అన్నారేమో తెలీదు.) ఆ సంఘం 2020లో నొప్పికి నిర్వచనం సవరించింది. దాని కింద రాసిన వివరణల్లో, మనిషి నాకు నొప్పిగా ఉంది అంటే ఆ మాటను గౌరవించాలి అని ఉంది. డబ్ల్యూహెచ్‌వో జబ్బుల జాబితా ఐసీడీ-11 కూడా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. 3 నెలలకు మించి ఉండే లేదా మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పికి అందులో సొంత కోడ్ ఉంది, ఎంజీ30. లక్షణంగానే కాదు, జబ్బుగా కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

"టెస్ట్‌లో దొరికితే నమ్ముతారు కదా" అనుకుంటారేమో. సమంత విషయం గుర్తు తెచ్చుకోండి. 2022 అక్టోబర్ చివర్లో, యశోద రిలీజ్‌కి ముందు, తనకి మయోసైటిస్ అని ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పింది. కండరాల్లో ఇన్‌ఫ్లమేషన్ వచ్చే ఆటోఇమ్యూన్ జబ్బు. రక్త పరీక్షల్లో, బయాప్సీలో ఆధారాలు దొరికే జబ్బే. ఐనా సానుభూతి కోసం అన్నారు, సినిమా ప్రమోషన్ అన్నారు. 2023 జనవరిలో శాకుంతలం ఈవెంట్ ఫోటోలు చూసి మొహంలో కళ పోయింది అని ఒకరు రాస్తే, నాలాగా నెలల తరబడి మందులు వాడే గతి మీకు పట్టకూడదని కోరుకుంటున్నా అన్న అర్థంలో జవాబిచ్చింది. కోట్లమంది అభిమానులున్న మనిషికే ఇది తప్పలేదు. హాస్టల్‌లో ఉండే పిల్లకి పీరియడ్స్ నొప్పి అంటే ఏమంటారో చెప్పక్కర్లేదు. ఎండోమెట్రియోసిస్ పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో దాదాపు 10 శాతం మందికి ఉంటుందని డబ్ల్యూహెచ్‌వో చెప్తోంది, అది బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. కారణం చాలావరకు ఆ ఒక్క మాటే: అందరికీ ఉండేదే.

ఇదే కథలో రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను సగమే చెప్పినట్టు. 2024 జులైలో సమంత, వైరల్ ఇన్ఫెక్షన్లకి హైడ్రోజన్ పెరాక్సైడ్ నెబ్యులైజ్ చేసుకోవచ్చు అని పోస్ట్ పెట్టింది. కేరళ లివర్ డాక్టర్ సిరియాక్ ఆబీ ఫిలిప్స్ గట్టిగా ఖండించారు, జైల్లో పెట్టాలి అనేదాకా వెళ్ళారు. ఆ మాట తీరు నాకు నచ్చలేదు. విషయంలో మాత్రం డాక్టర్‌దే కరెక్ట్. అది పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమని అమెరికాలోని ఆస్తమా, అలర్జీ ఫౌండేషన్ 2021లోనే హెచ్చరించింది. నొప్పి పడ్డ మనిషి తన నొప్పి గురించి చెప్పేది నమ్మాలి. మందు గురించి చెప్పేది చెక్ చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో మనం సరిగ్గా ఉల్టా చేస్తాం, నొప్పిని అనుమానిస్తాం, మందుని ఫార్వర్డ్ చేస్తాం.

మరి అడగడం మానేయాలా? అక్కర్లేదు. నాకు పనికొచ్చిన మాటలు కొన్ని ఆన్‌లైన్‌లోనే దొరికాయి. అడిగే పద్ధతి మార్చాను, అంతే. "నాకు ఈ నొప్పి ఉంది, ఏం చెయ్యాలి?" అంటే ఊరంతా డాక్టర్లే. "ఫైబ్రోమయాల్జియా ఉండి నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళు నిద్ర ఎలా మేనేజ్ చేస్తున్నారు? ట్రీట్‌మెంట్ సలహాలు వద్దు" అని రాస్తే జడ్జిమెంట్లు తగ్గి, ఆ బాధ తెలిసినవాళ్ళే మాట్లాడతారు. నాకు పది జవాబులొస్తే అందులో మూడు బంగారం. మిగతావాళ్ళకి ప్రూవ్ చెయ్యడానికి కూర్చోకండి, ఆ ఎనర్జీ మనకి రేషన్‌లో వస్తుంది. రిపోర్టులు పెట్టాల్సి వస్తే పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు చెరిపెయ్యండి. ఇన్‌బాక్స్‌లో పొడులు, నూనెలు అమ్మేవాళ్ళని బ్లాక్ చెయ్యండి. రెండ్రోజుల్లో మాయమైపోయే నొప్పి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు ఉన్నాయి. అలాంటిది నెలల తరబడి తిని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. మెడికల్ షాప్‌లో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్ కూడా రోజూ మింగితే కడుపుకీ కిడ్నీలకీ దెబ్బ.

"జిమ్‌కి పో" అన్నవాడి గురించి ఒక్క మాట. వాడు సగం కరెక్ట్, చిరాకు కూడా అక్కడే. నా ట్రీట్‌మెంట్‌లో వ్యాయామం ఉంది, మా రూమ్మేట్‌దాంట్లో ఇంకా ఎక్కువుంది. నేను మొదలుపెట్టింది మాత్రం రోజుకి ఐదు నిమిషాల నడకతో, వారానికి కొంచెం పెంచుకుంటూ. మొదటి రోజే గంట చేస్తే మూడు రోజులు మంచం మీదే.

ఎక్కడికి వెళ్ళాలని అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పొద్దున అరగంటకు మించి బిగుసుకుపోవడం, కీళ్ళ వాపు ఉంటే రుమటాలజీ. తిమ్మిర్లు, మంటలు ఉంటే న్యూరాలజీ. నిమ్స్‌లో రెండూ ఉన్నాయి. ఆ ఆసుపత్రి మొదలైందే నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా, అంటే ఎముకల ఆసుపత్రి. ఓపీకి పొద్దున్నే వెళ్ళండి, క్యూలో నిలబడలేకపోతే తోడుగా ఒకర్ని తీసుకెళ్ళండి. చాలా పెద్దాసుపత్రుల్లో అనస్థీషియా డాక్టర్లు పెయిన్ క్లినిక్ కూడా నడుపుతారు, అడిగితేనే చెప్తారు. వెళ్ళే ముందు రెండు వారాలు ఫోన్ నోట్స్‌లో రాసుకోండి: ఎన్నింటికి నొప్పి, ఎంతసేపు, ఏం చేస్తే తగ్గింది. ఓపీలో డాక్టర్ మీకిచ్చే టైమ్ చాలా తక్కువ, అందులో ఈ నోట్సే మీ తరఫున మాట్లాడుతుంది.

నడుం నొప్పితో పాటు మూత్రం, విరేచనం మీద కంట్రోల్ పోయినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాలు బలహీనమైనా పోస్టులు పెట్టకండి, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్ళండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం చెయ్యొద్దు. రాత్రిపూట నొప్పి కన్నా ఆ మాటలే ఎక్కువ గుచ్చుతుంటే 14416కి కాల్ చెయ్యండి. టెలి మానస్, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ గురించి మా రూమ్మేట్ వచ్చే వారం తనే వచ్చి మాట్లాడతానన్నాడు. పొద్దున షూట్ వద్దు, పదకొండు తర్వాత పెట్టు అన్నాడు. మీ ప్రశ్నలు కింద రాయండి, వాడికి ఇస్తాను.