మేరుప్రస్తారము – ప్రధానసంఖ్యలు



పద్యము చదివిన వారికెల్ల గణములు తెలియును. మూడక్షరముల గణములు ఎనిమిది. అందు లఘువే లేనిది మగణ మొక్కటి. ఒక్క లఘువు గలవి య, ర, త – మూడు. రెండు గలవి భ, జ, స – మూడు. అన్నియు లఘువులైనది నగణ మొక్కటి. 1, 3, 3, 1. పై పంక్తిలోని ప్రక్కప్రక్క సంఖ్యలను కూడుచు ఎన్ని అక్షరములకైనను ఇట్టి పంక్తి వ్రాయవచ్చును. పింగళుని ఛందస్సూత్రములకు పదవ శతాబ్దమున వ్యాఖ్య రచించిన హలాయుధుడు దీనినే మేరుప్రస్తారముగా వివరించెను.

ఏడక్షరముల పంక్తి 1, 7, 21, 35, 35, 21, 7, 1. కొనల ఒకట్లు తప్ప అన్నియు ఏడుచేత నిశ్శేషముగా భాగింపబడును. ఆరక్షరముల పంక్తి 1, 6, 15, 20, 15, 6, 1. ఇందు 15గాని 20గాని ఆరుచేత భాగింపబడవు. ఏల?

ఏడక్షరములలో మూడింటిని లఘువులుగా ఎంచుటయు, ఏడుగురిలో ముగ్గురిని ఎంచుటయు ఒకటే. రచ్చబండ చుట్టును ఏడుగురు వలయముగా కూర్చుండిరనుకొనుడు. ఎంచిన ముగ్గురికి మాఱుగా వారివారి కుడిప్రక్క వారిని ఎంచినచో వేఱొక యెంపిక యగును. ఇట్లు జరుపుచు పోగా ఏడవ మాఱు గాని మొదటి యెంపిక తిరిగి రాదు. నడుమనే రావలెనన్నచో వలయము సమభాగములుగా తెగవలెను. ఏడు ప్రధానసంఖ్య, ఒకటియు తానును దక్క భాజకము లేనిది, తెగదు. కావున 35 ఎంపికలును ఏడేసి చొప్పున ఐదు గుంపులగును. ఆరుగురిలో ఒకరిని విడిచి ఒకరిని ఎంచి చూడుడు. రెండవ జరుపునకే మొదటి యెంపిక వచ్చును. అందుచే 20 ఎంపికలు ఆరేసి గల గుంపులు మూడును, రెండే గల గుంపొకటియు నగును.

నేనొకప్పుడు తొందరపడి, పంక్తిమొత్తము చూచియే ప్రధానసంఖ్యను తేల్చవచ్చునని తలచితిని. ఏడవ పంక్తి మొత్తము 128. కొనల ఒకట్లు రెండును తీసివేయగా 126, అనగా ఏడు పదునెనిమిదులు. ఈ పరీక్ష 340 వఱకు ఎచ్చటను తప్పదు. 341 మాత్రము పదునొకండు ముప్పదియొకటులు, ప్రధానసంఖ్య కాదు. అయినను పరీక్షలో నెగ్గును! మొత్తము కుదిరినదని పద్దులు చూడని కరణము వంటివాడ నైతిని.

ప్రధానసంఖ్య కానిదాని పంక్తిలో లెక్క తప్పు గడి యొకటి తప్పక యుండును. 341 మందిని వలయముగా కూర్చుండబెట్టి, ముప్పదియొకరి కొక్కరి చొప్పున పదునొకండుగురను ఎంచుడు. 31 జరుపులకే ఆ యెంపిక తిరిగి వచ్చును. పదునొకండుగురి యెంపికలలో తక్కినవన్నియు 341 చొప్పున గుంపులు కట్టును. ఈ యొక్క గుంపున 31 మాత్రమే. కావున మేరువునందలి ఆ గడిని 341చేత భాగించినచో 31 శేషించును.