టైరులో పూసలు పోస్తే వణుకు ఆగుతుందా?

కారు ఎనభై, తొంభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంటే టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్ చేయించుకోమంటారు. చక్రాన్ని మెషీన్‌కు ఎక్కించి తిప్పుతారు. లోపలి వైపు 25, బయటి వైపు 10 అని అంకెలు కనబడితే, మెషీన్ చూపిన చోట అన్నేసి గ్రాముల వెయిట్లు రిమ్ముకు బిగిస్తారు. మళ్లీ తిప్పితే రెండు వైపులా సున్నా రావాలి.

ఈ తతంగమేమీ అక్కర్లేదు, టైరు లోపల సన్నటి పూసలు పోస్తే అవే సర్దుకుంటాయని చెప్పి అమ్మే సరుకు ఒకటుంది. పంక్చర్ పడకుండా పోసే ద్రవాలకూ కొందరు ఇదే గుణం అంటగడతారు. ఇది ఉత్త మోసం కాదు. ఒక షరతు కుదిరితే నిజంగానే పనిచేస్తుంది. ఆ షరతు మన బళ్లలో కుదురుతుందా అన్నదే చూడాలి.

ముందు వణుకు సంగతి. మామూలు కారు చక్రం ఒక చుట్టుకు సుమారు 1.8 మీటర్లు కదులుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 15 చుట్లు తిరుగుతుంది. అప్పుడు రిమ్ము అంచున ఎక్కువైన 20 గ్రాములు దాదాపు మూడున్నర కిలోల బలంతో చక్రాన్ని తమవైపు లాగుతాయి. ఆ లాగుడు చక్రంతోపాటే తిరుగుతుంది. అందుకే చక్రం సెకనుకు 15 సార్లు అదురుతుంది.

ఇక పూసలు. చక్రం తిరిగితే అవి తేలిక వైపుకు వాటంతటవే పోతాయని చాలామంది అనుకుంటారు. పూసలకు బరువు వైపు, తేలిక వైపు తెలియవు. తిరిగే కేంద్రానికి ఏ చోటు అన్నిటికన్నా దూరమో అక్కడికి జారతాయి, అంతే. ఇరుసు కదలకుండా ఉంటే టైరు లోపలి గోడ అంతటా సమాన దూరమే కాబట్టి, వాటికి కదిలే కారణమే లేదు. ఇరుసు అదిరితేనే కథ మొదలవుతుంది.

నెమ్మదిగా తిరిగేటప్పుడు బరువు ఎటుంటే ఇరుసు అటే జరుగుతుంది. అప్పుడు ఆ వైపే దూరమవుతుంది. పూసలూ అక్కడికే చేరి వణుకును పెంచుతాయి. వేగం ఒక హద్దు దాటాక ఇరుసు ఆ లాగుడును అందుకోలేక వెనకబడుతుంది. బరువు పైకి వచ్చేసరికి ఇరుసు కింద ఉంటుంది. ఇప్పుడు తేలిక వైపే దూరం. పూసలు అటు చేరి లోటు పూడుస్తాయి. ఆ హద్దును నిర్ణయించేది సహజ పౌనఃపున్యం (స్ప్రింగు మీదున్న వస్తువు తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య).

పైనుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీన్లు చాలావాటిలో టబ్బు అంచున ఉప్పునీటితో నింపిన రింగు ఉంటుంది. అది పనిచేసేది ఈ సూత్రం మీదే. టబ్బు మెత్తటి స్ప్రింగులకు వేలాడుతూ నెమ్మదిగా ఊగుతుంది. బట్టలు పిండేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది కాబట్టి నీరు సరైన వైపుకే చేరుతుంది.

చక్రం అలా కాదు. గాలి కొట్టిన టైరు గట్టి స్ప్రింగు. దాని మీద చక్రం, ఇరుసు కలిసి సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు ఊగుతాయి. కారు 100లో వెళ్తే 15 చుట్లు, అంటే సరిగ్గా హద్దు దగ్గరే. అరవైలో తొమ్మిదే. లారీ చక్రం చుట్టుకు సుమారు 3.2 మీటర్లు నడుస్తుంది కాబట్టి ఎనభైలో ఏడు చుట్లే వస్తాయి. లారీలకని అమ్మే పూసలకు లారీ వేగమే చాలడం లేదన్నమాట. పోయించుకున్నాక బండి బాగుందనే డ్రైవర్లు అబద్ధం చెప్పరు. కానీ పూసలు సాధారణంగా కొత్త టైర్లు వేయించేటప్పుడే పోయిస్తారు. ఆ బాగు దేని వల్లో విడదీసి చెప్పడం కష్టం.

ఇంకో చిక్కుంది. వెడల్పాటి టైరులో లోపలి అంచున ఒకచోట, బయటి అంచున దానికి ఎదురుగా మరోచోట బరువు ఎక్కువ ఉండొచ్చు. అప్పుడు చక్రం పక్కలకు ఊగి స్టీరింగ్‌ను కొడుతుంది. మధ్యలో పరుచుకునే పూసలు దీన్ని సరిచేయలేవు. మెషీన్ రెండు అంకెలు చూపేది ఇందుకే.

ద్రవాల పరిస్థితి మరీ తక్కువ. రాత్రంతా బండి నిలబెడితే ద్రవం అడుగుకు చేరుతుంది. పొద్దున బయలుదేరాక కాసేపు అదే కొత్త బరువు.

మెషీన్ లేకుండా జరిగే పనుల్లో నేను ఒప్పుకునేది బైకు చక్రానికి చేసేదే. ఇరుసును రెండు స్టాండ్ల మీద ఆనించి వదిలితే బరువు వైపు కిందికి దిగుతుంది. దానికి ఎదురుగా పైన వెయిట్ అంటిస్తారు. ఎటు తిప్పి వదిలినా నిలిచిపోయేదాకా ఇలా చేస్తారు. చక్రం సన్నం కాబట్టి అది చాలు.

గుంతలో పడి రిమ్ము వంగితే మాత్రం పూసలూ, వెయిట్లూ రెండూ పనిచేయవు. రిమ్మునే బాగుచేయించాలి, లేదా మార్చాలి. మీ టైర్లలో ఇప్పటికే పూసలో ద్రవమో ఉంటే బ్యాలెన్సింగ్‌కు ముందే మెకానిక్‌కు చెప్పండి. టైరు విప్పి లోపల శుభ్రంగా తుడిచాకే మెషీన్‌కు ఎక్కించాలి. అలా కాకపోతే తిప్పిన ప్రతిసారీ ఒక్కో అంకె వస్తుంది.