వదులైన హ్యాండ్ బ్రేకు: నట్టు బిగించే ముందు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి మన పట్టణాలలో రోడ్డు కంటే ఎత్తుగా కట్టిన ఇళ్ళు అనేకం. గేటు ముందున్న ర్యాంపు మీదనే కారు నిలుపుతారు. ఆ ర్యాంపు కిందనే పిల్లలు ఆడుకుంటారు. జుమా నమాజు వేళ మసీదు సందులలో కార్లు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరుతాయి. ఇటువంటి చోట్ల కారును కదలకుండా పట్టి ఉంచేది హ్యాండ్ బ్రేకు. అది వదులైతే ప్రమాదం కారులో ఉన్నవారికంటే ముందుగా దారిన పోయేవారికి ఎదురవుతుంది.

లీవరును పైకి లాగినప్పుడు ఒక తీగ బిగిసి, వెనుక చక్రాల డ్రమ్ములలోని బ్రేక్ షూలను వెలుపలికి నెడుతుంది. అవి డ్రమ్మును అదిమిపట్టగానే చక్రం ఆగిపోతుంది. లీవరు లేచేటప్పుడు వినిపించే ‘టక్ టక్’ శబ్దాలను లెక్కించండి. చాలా చిన్న కార్లలో 4 నుండి 9 శబ్దాల లోపే బ్రేకు గట్టిగా పట్టాలి. మీ కారుకు సరైన సంఖ్య దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

లెక్క పెరిగిందంటే తీగ సాగి ఉండవచ్చు, లేదా షూలు అరిగి ఉండవచ్చు. ఈ రెంటినీ వేరుగా గుర్తించడమే అసలు విషయం. కాలి బ్రేకు కూడా మునుపటి కంటే లోతుకు పోతుంటే షూలను అనుమానించాలి. అరిగిన షూలను అలాగే ఉంచి తీగ బిగిస్తే లోపం కప్పబడుతుందే కాని తొలగిపోదు. కనుక డ్రమ్ము విప్పించి షూలు చూపించిన తరువాతనే తీగ సంగతి ఆలోచించాలి.

షూలు బాగుండి తీగ మాత్రమే వదులైతే ఇంటివద్ద సరిచేసుకోవచ్చు. ముందుగా పిల్లలను లోపలికి పంపండి. చదునైన గట్టి నేలమీద కారు నిలిపి, ఇంజను ఆపి, ముందు చక్రాలకు ఇరువైపులా చెక్కదిమ్మెలు పెట్టండి. ముందు చక్రాలతో నడిచే కారైతే మొదటి గేరులో ఉంచండి. వెనుక చక్రాలతో నడిచే బండి అయితే ఈ పని మెకానిక్‌కే వదలండి. వెనుక భాగాన్ని జాకీతో లేపి, తప్పక స్టాండ్ల మీద ఆనించండి. కేవలం జాకీని నమ్మకూడదు.

హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించండి. బిగింపు నట్టు చాలా కార్లలో లీవరు వద్ద, సీట్ల మధ్యనున్న ప్లాస్టిక్ తొడుగు కింద ఉంటుంది. దానిని పానాతో ఒక్కోసారి అర చుట్టు మాత్రమే తిప్పండి. ప్రతిసారీ లీవరు లాగి శబ్దాలు లెక్కించండి. తరువాత దించి, రెండు వెనుక చక్రాలను చేతితో తిప్పి చూడండి. లీవరు లేపితే రెండూ ఆగాలి, దించితే రెండూ తేలికగా తిరగాలి.

అతిగా బిగించడం కూడా ప్రమాదమే. షూలు డ్రమ్మును నిరంతరం రాసుకుని వేడెక్కుతాయి, త్వరగా అరిగిపోతాయి, ఇంధనం వృథా అవుతుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద సుదూరం సాగే ప్రయాణంలో ఆ వేడి కాలి బ్రేకు పట్టును కూడా తగ్గించవచ్చు.

పని ముగిశాక జనం లేని స్వల్ప వాలులో పరీక్షించండి. న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేకు ఒక్కటే కారును ఆపాలి. ఆ సమయంలో నడిపేవారి పాదం కాలి బ్రేకు మీద సిద్ధంగా ఉండాలి.

ఒక చక్రమే పట్టినా, చక్రం లోపలివైపు తడి కనిపించినా, తీగ పోగులు తెగినా, బిగించిన తరువాత కూడా లెక్క తగ్గకపోయినా మెకానిక్ వద్దకు వెళ్ళాలి. మీటతో పనిచేసే ఎలక్ట్రానిక్ బ్రేకును ఇంట్లో ముట్టుకోరాదు. డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదరాదు. అది ఊపిరితిత్తులకు హానికరం.

బ్రేకు ఎంత బాగున్నా వాలులో దానినొక్కదానినే నమ్ముకోకండి. ఎత్తువైపు ముఖముంటే మొదటి గేరు, పల్లంవైపు ఉంటే రివర్స్ గేరు వేసి, చక్రానికి రాయి అడ్డుపెట్టండి. డ్రైవరు లేని వేళ బండి దానంతట అది కదలకుండా చూడటం మోటారు వాహనాల చట్టం, 1988లోని 126వ సెక్షన్ విధించిన బాధ్యత కూడా. మన వాకిట నిలిచిన కారు వల్ల పొరుగింటి బిడ్డకు హాని కలగకుండా చూడటం అంతకంటే పెద్ద బాధ్యత.